పదహారున్నర మిల్లీమీటర్లు

కోరాపుట్,
జూన్ 18, 2024

శ్రీలేఖా,

"ఈ రోజుల్లో ఉత్తరం రాయడమేమిటి మా ఆడపడుచు" అని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్లో మాట్లాడితే అమూల్య పక్కనే ఉంటుంది. విన్న మాటని విన్న గొంతుతోనే రోజుల తరబడి అప్పజెపుతుంది. మొన్న గ్యాస్ వాడితో నేను తగువు పడితే వారం పాటు మా వీధి మొత్తానికీ ఆ తగువు వినిపించింది. మెసేజ్ పెడదామంటే నా ఫోన్ దాని చేతిలోనే ఉంటుంది, అచ్చక్షరాలు గడగడా చదివేస్తుంది. చేతిరాత మాత్రం చదవలేదు. నా రాత నువ్వైనా చదవగలవో లేదో.

కిందటి ఆదివారం రవి వచ్చినప్పుడు చెప్పాను. మా ఆఫీసు వాళ్లు నన్ను మాచ్‌ఖండ్‌కి డెప్యుటేషన్ మీద పంపేలా ఉన్నారు. అక్కడ కొండమీద క్వార్టర్లలో అమూల్యతో ఉండలేను. "మా ఇంట్లో ఉంచక్కా" అన్నాడు. దానికి ఇరవై మూడేళ్లొచ్చాయి గాని, తన రైలు లేని ఇంట్లో ఒక పూట ఉండదు. వాళ్ల నాన్న పోయినప్పుడు మీరంతా పదకొండు రోజులూ ఇక్కడున్నారు కదా, చూశావు. ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

ఆ బొమ్మరైలు మా ఆయన కలకత్తాలో ఎవరి దగ్గరో పాతది కొన్నారు. ఒక ఇంజను, అయిదు పెట్టెలు. ప్లైవుడ్ బల్లమీద చుట్టూ పట్టాలు. కోరాపుట్, దామన్‌జోడి, టికిరి, సింగపూర్ రోడ్, రాయగడ అని పేర్లు రాసి ఆయనే అంటించారు. పొద్దున్న ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి బండి బయలుదేరాలి. ఆలస్యమైతే అన్నం ముట్టదు.

"అలాటి పట్టాలే మా ఇంట్లో వేయిస్తాను, బండి మాత్రం తనది తెచ్చుకుంటాది" అని రవి అన్నాడు. పట్టాల కొలత అడిగాడు. నా కళ్లకి స్కేలు మీద మిల్లీమీటర్లు ఆనవు. అందుకని అమూల్య స్నానానికి వెళ్లినప్పుడు ఇంకో కాగితం పట్టాల మీద పరిచి పెన్సిలు రుద్దాను. రెండు నల్లగీతలు పడ్డాయి. దీనితో పెడుతున్నాను, మీ ఆయనకివ్వు.

నీ ఇల్లు ఇరుకవుతుందని తెలుసు. అడగడానికి సిగ్గుగానే ఉంది.

జానకి

&nbsp;

రాయగడ,
జూలై 2

వదినగారికి నమస్కారం.

మీ కాగితాన్ని మీ తమ్ముడు కిటికీ అద్దానికి అంటించి, భూతద్దం పెట్టి మూడుసార్లు కొలిచారు. గీతకీ గీతకీ మధ్య పదహారున్నర మిల్లీమీటర్లు. "మా తాత గొలుసు పట్టుకుని జయపురం సంస్థానం సగం కొలిచేడు, నాకిదొక లెక్కేటి" అని ఆ పూటంతా ఇంట్లో మీసం మెలేస్తూ తిరిగారు. మీసం లేదనుకోండి.

ఆ కొలతకి హెచ్.ఓ. అనే రకం ఉందట. అసలు బండిని ఎనభై ఏడో వంతుకి తగ్గిస్తే వచ్చే బండి. పట్టాలు బెంగళూరు నుంచి వస్తున్నాయి. సొరంగాలు మన వడ్రంగి సన్యాసయ్య చేస్తున్నాడు. కోరాపుట్ లైన్లో ఉన్న సొరంగాలన్నీ పెడితే ఇల్లు చాలదు గనక ఏడింటితో సరిపెట్టుకున్నారు. ఎనభై ఏడో వంతు పెట్టెకి చుట్టూ రెండు మిల్లీమీటర్లు వదిలి కోయిస్తున్నారు. అసలు సొరంగంలో బండి అలాగే ఒరుసుకుంటున్నట్టు వెళుతుందట, లేకపోతే అమూల్య ఒప్పుకోదట.

నా కుట్టుమిషను వరండాలోకి వచ్చింది. జల్లు పడకుండా గొడుగు కట్టాను. ఇది ఫిర్యాదు కాదు. ఫిర్యాదే అనుకున్నా నాకేం నష్టం లేదు.

నాకో అనుమానం. పట్టాల కొలత తెప్పించారు గాని పెట్టెల కొలత ఎవరూ అడగలేదు. భుజం కొలత ఒక్కటి తీసుకుని జాకెట్టు కుడితే నడుం దగ్గర ఏమవుతుంది? అదే అడిగాను. "పట్టా కలిస్తే పెట్టె కలిసినట్టే. రైల్వేకి రూలుంటాది. నీ జాకెట్టు కాదిది" అని నవ్వారు. మీకు వీలైతే ఒక పెట్టె ఎత్తూ వెడల్పూ రాయండి.

ఇంకొకటి. అమూల్యని నేనెప్పుడూ ఒంటరిగా చూసుకోలేదు. తను ఏం తింటుంది, ఎలా పడుకుంటుంది, అన్నీ రాయండి. డెప్యుటేషన్ ఎన్నాళ్లో మీరు రాయలేదు.

శ్రీలేఖ

&nbsp;

కోరాపుట్,
జూలై 20

శ్రీలేఖా,

పెట్టెల కొలత అక్కర్లేదని రవి ఫోన్ చేసి చెప్పాడు. "నువ్వు కంగారు పడకక్కా, లెక్క నా దగ్గరుంది" అని అమూల్య మూడు రోజులుగా వాడి గొంతుతో నాకు ధైర్యం చెబుతోంది. కాబట్టి పంపడం లేదు. పైగా పెట్టెని ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోదు.

అన్నం మీద పప్పు వెయ్యకు, పక్కన వెయ్యి. జడ ఎడమవైపు నుంచి మొదలుపెట్టాలి. ఫిట్స్ మాత్ర రాత్రి ఎనిమిదింటికి, బెల్లం ముక్కతో. చెవులు మూసుకుంటే నువ్వు మాట్లాడకు. కళ్లు మూసుకుంటే పక్కన కూచో, ముట్టుకోకు. అరిస్తే భయపడకు. రాయడానికి ఇంతే. నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

డెప్యుటేషన్ ఎన్నాళ్లో వాళ్లూ గట్టిగా చెప్పడం లేదు. నేను బాగా తగ్గిపోయానని రవి నీతో అన్నాడట. బంధుగాం దాకా ఆఫీసు జీపులో ఎగిరెగిరి పడుతుంటే ఎవరైనా తగ్గిపోతారు.

అక్టోబర్ మొదటి వారంలో తీసుకొస్తాను. మూడు రోజులు మీ దగ్గర వదిలి వెళతాను. ముందు అలవాటు పడనీ.

జానకి

&nbsp;

రాయగడ,
అక్టోబర్ 9

వదినగారికి,

మొన్న మీరు అమూల్యని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మీ మొహం చూసి చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

మీరు దింపి వెళ్లిన గంటకే, రెండింటికి, తన బండిని మా పట్టాల మీద పెట్టింది. చక్రాలు చక్కగా కూచున్నాయి. మీ తమ్ముడు నావైపు చూసిన చూపు మీరు చూడాల్సింది, పెళ్లినాడు కూడా అంత గర్వంగా చూడలేదు. బండి కోరాపుట్ వదిలింది, దామన్‌జోడి దాటింది. మొదటి సొరంగంలోకి ఇంజను ఎలాగో దూరింది. వెనక పెట్టె కప్పు తగిలి ఆగిపోయింది.

"మావయ్యా, తలుపు తియ్యి" అంది.

"ఉండమ్మి, ఉండు" అంటూ ఆయన సొరంగం ఎత్తబోయారు. అది బల్లకి మేకులతో దిగ్గొట్టి ఉంది. సన్యాసయ్య అక్కడే ఉన్నాడు. "బాబూ, పెట్టె పెద్దది, బొక్క సిన్నది. నానేటి సెయ్యను, మీరు గీసిన గీత మీదే కోసేను" అన్నాడు. అమూల్య చేత్తో తోసింది. ఇంకా గట్టిగా తోసింది. చివరి పెట్టె హుక్కు విరిగింది. అప్పుడు అరవడం మొదలుపెట్టి నుదురు బల్లకేసి కొట్టుకుంది. స్నానాలగదిలో జారిపడిందని మీకు చెప్పాం. అబద్ధం.

తర్వాత ఆయన కనుక్కున్నారు. ఆ పదహారున్నర పట్టా మీద రెండు రకాల బళ్లు నడుస్తాయట. ఒకటి ఎనభై ఏడో వంతుది, ఒకటి డెబ్బై ఆరో వంతుది. పట్టా ఒకటే, బండి వేరు. మీది రెండో రకం, పెద్దది. ఆ సంగతి పెట్టె అడుగునే రాసి ఉంది. ఎవరమూ తిరగేసి చూడలేదు. ఆయన ఆ పూట అన్నం తినలేదు. నేను జాకెట్టు సంగతి ఎత్తలేదు, అంత పాపాత్మురాలిని కాను.

అసలు సంగతి ఇది కాదు. రెండోరోజు మధ్యాహ్నం ఆయన ఆఫీసుకి వెళ్లాక అమూల్య బల్ల కింద పడుకుని మాట్లాడింది. ముందు ఎవరో మగవాళ్ల గొంతుతో. "ఆపరేషన్ సే ఫాయిదా నహీ, లాభం లేదు జానకీ మేడమ్. లివర్‌కి పాకేసింది. ఆరు నెలలు. బాగుంటే ఎనిమిది." ఆ తర్వాత మీ గొంతుతో. "నా పిల్లకి చోటు సూసుకోవాలి డాక్టరుగారూ. అందాకా నన్ను నిలబెట్టండి."

మూడుసార్లు అంది. మూడుసార్లూ ఒక్క ముక్క మారలేదు. మాచ్‌ఖండ్ అనే మాట ఎక్కడా రాలేదు.

ఇది నిజమా వదినా? మీ తమ్ముడికి నేనింకా చెప్పలేదు. విరిగిన పెట్టె బాగుచేయిస్తామని నా దగ్గరే ఉంచుకున్నాను.

శ్రీలేఖ

&nbsp;

కోరాపుట్,
అక్టోబర్ 16

శ్రీలేఖా,

నిజమే.

జూన్‌లో తెలిసింది. ఆ డాక్టరు గదిలోకి దాన్ని తీసుకెళ్లకుండా ఉండాల్సింది. ఎవరి దగ్గర వదులుతాను? దాని నోట్లోంచి నీకు తెలిసినందుకు ముందు ఒళ్లు మండింది. తర్వాత ఏడుపొచ్చింది. నాలుగు నెలల్లో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, అది మాత్రం రోజూ నాతో అంటోంది.

రవికి చెప్పకు. వాడు వెంటనే పరిగెత్తుకొచ్చి "నేనున్నాను కదక్కా" అంటాడు. వాడు అన్నిటికీ సరేనంటాడు. పొద్దున్న పదింటికి ఆఫీసుకి వెళ్లిపోతాడు. ఇంట్లో ఉండేది నువ్వు. కాబట్టి నిన్నే అడుగుతున్నాను, సూటిగా. నేను పోయాక అమూల్యని నువ్వు చూసుకుంటావా?

జవాబు కాగితం మీదే రాయి. ఫోన్ చెయ్యకు, నీకు దండం పెడతాను. నువ్వు వద్దంటే ఆ "వద్దు" నీ గొంతుతో ఈ ఇంట్లో నేను పోయేదాకా వినాలి. సరేనని తర్వాత కాదంటే అది ఇంకా అన్యాయం. ఆ "సరే" పట్టుకుని అమూల్య రోజూ సంచి సర్దుకుని కూచుంటుంది.

విజయనగరం అవతల ఇలాటివాళ్ల కోసం ఒక ఆశ్రమం ఉంది. అక్కడా పేరు రాయించాను. చోటు లేదన్నారు, ఖాళీ వస్తే చెబుతామన్నారు. హాల్లో నలభై మంచాలు. రైలు పెట్టుకోనివ్వరు. ఖాళీ రాకూడదని మొక్కుకుంటున్నాను. రావాలని కూడా మొక్కుకుంటున్నాను.

జానకి

&nbsp;

రాయగడ,
అక్టోబర్ 30

వదినగారికి,

మీరు సూటిగా అడిగారు. నేను సూటిగా జవాబివ్వలేకపోతున్నాను. రెండు వారాల్లో నాలుగు కాగితాలు చింపాను.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రెండోరోజు సంగతి నేను సగమే రాశాను. తను ఆ మాటలు మూడోసారి అంటుంటే నేను వినలేకపోయాను. "ఆపమ్మి, ఆపు" అంటూ నోరు మూశాను. నా చెయ్యి కొరికింది. నేను బయటికొచ్చి గొళ్లెం పెట్టేశాను. గంట సేపు. తను లోపల తలుపు బాదుతూనే ఉంది. నాకు వినబడకూడదని వరండాలో కూచుని మిషను తొక్కాను. మిషన్లో గుడ్డ లేదు.

గంట తర్వాత తీస్తే గుమ్మం పక్కన గోడకి మొహం పెట్టి కూచుని ఉంది. మీరు ఫోన్ చేసినప్పుడు నిద్రపోయిందని చెప్పాను.

నేను చెడ్డదాన్ని కాననుకునేదాన్ని. ఇప్పుడు నాకు నేనంటేనే భయంగా ఉంది. మూడు రోజుల్లో ఒకసారి గొళ్లెం పెట్టినదాన్ని ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు పెడతాను? సరేనని రాయడానికి చెయ్యి రావడం లేదు. కాదని రాయడానికి అంతకన్నా రావడం లేదు. నాకు కొంచెం వ్యవధి ఇవ్వండి. మీ దగ్గర అదే లేదని తెలిసీ అడుగుతున్నాను.

శ్రీలేఖ

&nbsp;

కోరాపుట్,
నవంబర్ 7

శ్రీలేఖా,

గొళ్లెం నేను కూడా పెట్టాను. దానికి ఏడేళ్లప్పుడు, తొమ్మిదేళ్లప్పుడు, మొన్న మార్చిలో. తల్లిని కాబట్టి నన్ను ఎవరూ అడగలేదు, అంతే.

నీమీద కోపం లేదు. ఒంట్లో ఓపిక లేదు గనక కోపమూ లేదేమో తెలీదు. అక్కణ్నుంచి వచ్చాక అది బండి నడపడం మానేసింది. ఏడింటికి, రెండింటికి, ఆరింటికి బల్ల దగ్గర నిలబడుతుంది. ఇంజను మీద చెయ్యి వేస్తుంది. తీసేస్తుంది. ఒక పెట్టె తక్కువైంది కదా.

ఆలోచించుకో. నేను మళ్లీ అడగను.

జానకి

&nbsp;

రాయగడ,
డిసెంబర్ 2

వదినగారికి,

ఇన్నాళ్లూ రాయలేదని తిట్టుకుని ఉంటారు. నా సంగతి మీకు తెలుసు. ట్రయలు వేసి సరిపోయిందని నమ్మకం కుదిరేదాకా బేరం వాళ్లకి కబురు పెట్టను. సరిపోని జాకెట్టు ఇచ్చి దిద్దుతానని చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఈ ఆలస్యం.

సొరంగాలు ఏడూ మళ్లీ కోయించాను. ఈసారి మీ తమ్ముణ్ని దూరంగా కూచోబెట్టి నా టేపుతో నేనే కొలిచాను. నా దగ్గరున్న పెట్టెకి హుక్కు వేయించి తోసి చూశాను. తిన్నగా ఉన్నచోట వెళ్లింది. మలుపులో ఉన్న మూడు సొరంగాల్లో ఒరుసుకుంది. ఎక్కడ తగులుతోందో కనబడక, పెట్టె పక్కలకి గుడ్డలు గీసే సుద్ద రాసి తోశాను. లోపల తెల్లటి మరక పడినచోటల్లా సన్యాసయ్య చెక్కాడు. "అమ్మా, ఇది రైలు కాదు, రవిక" అన్నాడు. మలుపులో పెట్టె నడుం లోపలికి, కొసలు బయటికి వెళతాయని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏడింట్లోనూ మరక పడకుండా వెళుతోంది. నిన్న నలభైసార్లు తోశాను.

అది సులువైన సగం. రెండో సగానికి ఇంకొకటి చేశాను. ఇక్కడ మన రైతుబజారు వెనక ఇలాటి పిల్లల కోసం పుణ్యవతిగారని ఒకావిడ పగటి బడి నడుపుతోంది. మూడు వారాలుగా రోజూ పొద్దున్న వెళ్లి కూచుంటున్నాను. అమూల్య వయసు పిల్ల ఒకతి ఉంది. మొదటి వారం నన్ను రెండుసార్లు రక్కింది. నేను గుమ్మం దాకా వెళ్లాను, మళ్లీ వచ్చి కూచున్నాను. రెండో వారం నుంచి గుమ్మం దాకా వెళ్లడం లేదు. చెవులు మూసుకుంటే మాట్లాడకుండా ఉండటం నాకు వచ్చింది. నాలాటి వాగుడుకాయకి అది ఎంత కష్టమో మీకు తెలుసు.

మీ తమ్ముడికి నిన్న చెప్పాను. క్షమించండి, ఇంక దాచలేకపోయాను. పెరట్లో నిలబడి చాలాసేపు ఏడ్చారు. గది గొళ్లెం స్క్రూలు మాత్రం ఆయన చేతే తీయించాను.

వదినా, అమూల్యని నేను చూసుకుంటాను. భయం పోయిందని రాయను, పోలేదు. భయపడుతూనే చూసుకుంటాను. మీరు కూడా వచ్చేయండి. ఉన్నన్నాళ్లు ఇద్దరూ ఇక్కడే ఉందురుగాని. మీరు రాయమన్నట్టే కాగితం మీద రాశాను, ఫోన్ చెయ్యలేదు. ఇది మీకు గురువారానికల్లా అందుతుందని పోస్టాఫీసులో చెప్పారు. శనివారం మేమిద్దరం వస్తాం.

శ్రీలేఖ

&nbsp;

విజయనగరం రైల్వేస్టేషన్,
డిసెంబర్ 2

శ్రీలేఖా,

నా బండి ఇంకా రాలేదు. ఈలోగా రాస్తున్నాను. శుక్రవారం ఆశ్రమం వాళ్లు ఫోన్ చేశారు. ఒక మంచం ఖాళీ అయిందట. సోమవారం పొద్దున్నకి తీసుకురాకపోతే తర్వాతి పేరుకి ఇచ్చేస్తామన్నారు. నీ ఉత్తరం కోసం శనివారం పోస్టు దాకా చూశాను. రాలేదు. తప్పు నీది కాదు. మళ్లీ అడగనని రాసింది నేనే. డాక్టరు చెప్పిన ఆరు నెలలూ అయిపోయాయి, ఈ నెలలోనే ఏ రోజైనా నేను లేవలేకపోతే అది తలుపు లోపల నాతో ఉండిపోతుంది. ఆ భయం నీకు చెప్పలేను.

బయలుదేరదీయడమే కష్టమైంది. రైలు ఉన్నంతసేపూ అది బల్ల వదలదు. బతిమాలాను, తిట్టాను. చివరికి నిన్న మధ్యాహ్నం దాని కళ్లముందే పట్టాలు పీకేశాను. పాతవి కదా, విరిగిపోయాయి. ఇంజనూ, నాలుగు పెట్టెలూ గోనెసంచిలో వేసి చెత్తబండికి ఎత్తేశాను. బండి లేదని నమ్మితే గాని కదలదు. నమ్మింది. అరవలేదు. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఇరవై మూడేళ్లలో అది అంతగా చెప్పినమాట విన్న రోజు లేదు.

ఇవాళ తొమ్మిదింటికి వదిలాను. అలవాటు పడేదాకా రెండు నెలలు చూడటానికి రాకూడదట. నేను తలూపాను. రెండు నెలలంటే నాకు ఏమిటో వాళ్లకి చెప్పలేదు. చెబితే చేర్చుకోరేమోనని. రోడ్డు మీదికొచ్చాక, మాత్ర బెల్లం ముక్కతో ఇవ్వాలని చెప్పలేదని గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను. గేటు దగ్గర మనిషి రాసుకున్నాడు. కిటికీలోంచి హాలు కనిపించింది. మంచం మీద కూచుని ఉంది. నావైపు చూడలేదు. పిలవలేదు నేను.

నువ్వేం రాసేదానివో దారంతా ఆలోచించాను. కాదని రాసి ఉంటే పంపు, చదువుతాను, నీమీద నాకేమీ ఉండదు. ఇంకా రాయకపోతే మానెయ్యి.

అవునని మాత్రం రాయకు, అమ్మీ. దాన్ని ఇంకోసారి కదిలించడానికి నా దగ్గర బండి లేదు.

జానకి